‘నడుస్తనే ఉంది గదా’ అని వదిలేస్తే.. ఒకరోజు తెల్ల తెరే!

పీహెచ్‌పీ 8.1 కు గత డిసెంబరు 31తో గడువు ముగిసింది. మీ కాలేజీ సైటు, మీ ఫైనలియర్ ప్రాజెక్టు ఏ వర్షన్ మీద నడుస్తున్నాయో చూసుకున్నారా?

గత జూన్‌లో ఒక ఉదయం ఆదిలాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి ఒక ప్రైవేటు విద్యాసంస్థలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసే తమ్ముడు. ‘అన్నా, సైటు మొత్తం తెల్లగ అయింది. ఏమీ కనిపిస్తలేదు. నిన్నటిదాకా మంచిగనే నడిచింది’ అన్నాడు. హాస్టల్ సీట్ల దరఖాస్తుకు గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. ఫారం తెరుచుకోక ఉట్నూరు, ఇంద్రవెల్లి, బేల వైపు నుంచి తల్లిదండ్రులు బస్సెక్కి నేరుగా ఆఫీసుకే వస్తున్నారు. ఒక పూట కూలి పోగొట్టుకుని, కాగితం మీద నాలుగు లైన్లు రాసిచ్చి వెళ్లడానికి!

సైటును ఎవరూ హ్యాక్ చేయలేదు, సర్వర్ కూడా కూలిపోలేదు. హోస్టింగ్ కంపెనీ తన సర్వర్లలో పాత పీహెచ్‌పీని తీసేసి కొత్తది పెట్టింది, అంతే. ముందే మెయిల్ కూడా పంపింది. ఆ మెయిల్ వెళ్లింది మాత్రం 2014లో సైటు కట్టిన విద్యార్థి చిరునామాకు. ఆయన ఉద్యోగం వచ్చి ఎప్పుడో ఊరు దాటాడు.

ఇది ఒక్క సంస్థ కథే అయితే ఇక్కడ రాయాల్సిన పని లేదు. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్.. ఎక్కడ చూసినా స్కూళ్లు, ఆస్పత్రులు, ఫంక్షన్ హాళ్లు, ఎరువుల దుకాణాల సైట్లలో చాలావరకు ఇలా ఎవరో ఒక విద్యార్థి కట్టినవే. కట్టినవారు వెళ్లిపోయినా కోడ్ అక్కడే ఉండిపోయింది. మీరు బీటెక్, డిగ్రీ, పాలిటెక్నిక్ ఏది చదువుతున్నా రేపు అలాంటి ఫోన్ మీకూ వస్తుంది. అందుకే ఏ పీహెచ్‌పీకి ఏ వెబ్ సర్వర్ సరిపోతుంది, ఏది ఎప్పుడు మార్చాలి అన్నది ఇప్పుడు తెలుసుకోవడం మంచిది.

పీహెచ్‌పీ ఇంకా ఉందా?

‘పీహెచ్‌పీ పోయింది బ్రో’ అని మీ హాస్టల్‌లో ఎవరో ఒకరు అనే ఉంటారు. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో బయటపెట్టిన ఈ భాష ఎక్కడికీ పోలేదు. సర్వర్ వైపు ఏ భాష వాడుతున్నదీ తెలిసిన వెబ్‌సైట్లలో 70 శాతానికి పైగా పీహెచ్‌పీ మీదే ఉన్నాయని డబ్ల్యూ3టెక్స్ సర్వే ఏళ్లుగా చూపిస్తోంది. వర్డ్‌ప్రెస్ పీహెచ్‌పీయే. కాలేజీలు వాడే మూడుల్ కూడా అదే. 2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీపీడియా నడిచే మీడియావికీ కూడా పీహెచ్‌పీలో రాసిందే.

భాష బతికే ఉంది. అందులోని పాత వర్షన్లకు మాత్రం కాలం చెల్లుతూ ఉంటుంది. 5.6 కు 2018 డిసెంబరు 31తో, 7.4 కు 2022 నవంబరు 28తో, 8.0 కు 2023 నవంబరు 26తో మద్దతు ముగిసింది. 8.1 కు మొన్నటి 2025 డిసెంబరు 31 ఆఖరి రోజు. ఇప్పుడున్న లెక్క సులువు. ఒక వర్షన్ వచ్చాక రెండేళ్లు పూర్తి మద్దతు, తర్వాత రెండేళ్లు భద్రతా లోపాల సవరణలు మాత్రమే. ఆ ఏడాది డిసెంబరు 31న ముగింపు. దీని ప్రకారం 8.2 కు ఈ ఏడాది డిసెంబరు వరకు, 8.3 కు 2027 వరకు, 8.4 కు 2028 వరకు ఢోకా లేదు. గత నవంబరులో 8.5 కూడా వచ్చేసింది.

మన ల్యాబులు ఎక్కడ ఆగిపోయాయి?

జేఎన్‌టీయూహెచ్ ఆర్18 సిలబస్‌లో వెబ్ టెక్నాలజీస్ మొదటి యూనిట్ పీహెచ్‌పీయే. నాచుపల్లిలోని జగిత్యాల క్యాంపస్‌లో అయినా, మంథనిలో అయినా, కరీంనగర్ చుట్టుపక్కల అనుబంధ కాలేజీల్లో అయినా ఆ సిలబస్ చదివినవారంతా దానితోనే మొదలుపెట్టారు. పాఠ్యపుస్తకాల్లో ఒకటిగా ఇచ్చింది స్టీవెన్ హోల్జ్‌నర్ రాసిన ‘ది కంప్లీట్ రెఫరెన్స్ పీహెచ్‌పీ’. మంచి పుస్తకమే, కానీ అది పీహెచ్‌పీ 5 కాలం నాటిది. ఆ రోజుల్లో డేటాబేస్‌తో కలపాలంటే అందరూ రాసేది ‘మైఎస్‌క్యూఎల్ కనెక్ట్’ అనే ఫంక్షనే.

ఆ ఫంక్షన్ కుటుంబాన్ని మొత్తంగా ఇక వాడొద్దని 2013లో వచ్చిన 5.5 చెప్పింది. 2015 డిసెంబరులో వచ్చిన 7.0 పూర్తిగా తీసేసింది. దాని స్థానంలో మైఎస్‌క్యూఎల్ఐ, పీడీవో వాడాలి. ఆదిలాబాద్ సైటు కట్టింది 2014లో అన్నాను కదా? అంటే కట్టేనాటికే ఆ ఫంక్షన్‌ను వద్దని చెప్పి ఏడాదైంది. కట్టిన విద్యార్థిని తప్పు పట్టలేం. పుస్తకంలో ఉన్నదే రాశాడు.

నేనూ అదే బాపతు. 2019లో నా ఫైనలియర్ ప్రాజెక్టు నడిచింది సీనియర్ పెన్‌డ్రైవ్‌లోంచి తీసుకున్న జాంప్ 1.7.3 మీద. అందులో ఉండేది పీహెచ్‌పీ 5.3, అపాచీ 2.2. అప్పటికి పదేళ్ల పాతది! కొత్త జాంప్ వేస్తే ప్రాజెక్టు తెరుచుకోలేదు, పాతది వేస్తే తెరుచుకుంది. ‘ఇదే వేసుకోండ్రి, వైవాలో ప్రాబ్లం రాదు’ అన్నారు సీనియర్లు. నిజంగానే రాలేదు. అసలు సమస్య వైవా అయిపోయి, మొదటి ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టు ఏ పీహెచ్‌పీ మీద?’ అని అడిగినప్పుడు వచ్చింది. చెప్పాక అవతలి వ్యక్తి ముఖంలో కనిపించిన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది.

మూడంకెల్లో ఏది ముఖ్యం?

వర్షన్ నంబర్లు చూసి గాబరా పడాల్సిన పని లేదు. అపాచీ 2.4.58 అనుకోండి. ఇందులో రెండో అంకె వరకు, అంటే 2.4 అన్నది అసలు వర్షన్. చివరి 58 అన్నది సవరణల లెక్క.

పీహెచ్‌పీని అపాచీ లోపలే మాడ్యూల్‌గా కూర్చోబెట్టినప్పుడు ఆ మాడ్యూల్‌ను ఏ అపాచీ శాఖకు కట్టారో అందులోనే అది నడుస్తుంది. 2.2 కోసం కట్టిన మాడ్యూల్ 2.4 లో లోడ్ కాదు. అదే 2.4 శాఖ లోపల మాత్రం చివరి అంకె మారినా ఇబ్బంది రాదు. పీహెచ్‌పీ 5.3 విండోస్ ప్యాకేజీలో అపాచీ 2.2 కోసం డీఎల్‌ఎల్ ఫైలు ఉండేది కానీ 2.4 కోసం ఉండేది కాదు. ‘పాత పీహెచ్‌పీ, కొత్త అపాచీ’ కలిపి వేసిన చాలామంది అక్కడే ఇరుక్కునేవారు. ఇప్పుడు పీహెచ్‌పీ 8 ప్యాకేజీలో వచ్చేది 2.4 కు సరిపోయే డీఎల్‌ఎల్ ఒక్కటే. కాబట్టి ఈ రోజు కొత్తగా మొదలుపెట్టేవారికి ఏ అపాచీ అన్న ప్రశ్నే లేదు, 2.4 శాఖలో తాజాది. అపాచీ 2.2 కు 2017తోనే కాలం చెల్లింది. 2.4 అయితే 2012 నుంచీ ఉంది.

‘తాజాది’ అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, చివరి అంకె కలవడానికి ముఖ్యం కాకపోయినా భద్రతకు చాలా ముఖ్యం. 2021 అక్టోబరులో అపాచీ 2.4.49 లో ఒక లోపం బయటపడింది. కొన్ని సెట్టింగులున్న సర్వర్లలో వెబ్ ఫోల్డర్ బయటి ఫైళ్లను కూడా ఎవరైనా చదవగలిగేంత లోపం. వెంటనే 2.4.50 వచ్చింది, అది సగమే పూడ్చింది. రోజుల వ్యవధిలో 2.4.51 తేవాల్సి వచ్చింది. ఒక్క అంకెలో అంత తేడా!

పీహెచ్‌పీలో కూడా 8.3 వరకు అసలు వర్షన్, ఆ తర్వాతది సవరణ. కాకపోతే ఇక్కడ 8.2 నుంచి 8.3 కు వెళ్లినా ఎక్స్‌టెన్షన్లన్నీ ఆ వర్షన్‌కు కట్టినవే మళ్లీ తెచ్చుకోవాలి. పాత డీఎల్‌ఎల్‌ను కాపీ చేసి పెడితే పనిచేయదు.

విండోస్ ల్యాబులో నాలుగు జతలు

మన దగ్గర నేర్చుకునేవారిలో ఎక్కువమంది విండోస్ మీదే మొదలుపెడతారు. అక్కడ నాలుగు సంగతులు కలవాలి.

మొదటిది, 32 బిట్టా 64 బిట్టా? అపాచీ, పీహెచ్‌పీ రెండూ ఒకటే అయి ఉండాలి. ఒకటి 32, ఒకటి 64 అయితే మాడ్యూల్ లోడ్ కాదు.

రెండోది, థ్రెడ్ సేఫా కాదా? డౌన్‌లోడ్ పేజీలో రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి. అపాచీలో మాడ్యూల్‌గా వాడాలంటే థ్రెడ్ సేఫ్‌దే తీసుకోవాలి. రెండో రకం జిప్‌లో అపాచీ డీఎల్‌ఎల్ ఉండదు. అది దొరక్క గంటలు వెతికినవాళ్లు నాకు తెలుసు, నేను కూడా అందులో ఒకణ్ని.

మూడోది, ఏ విజువల్ స్టూడియోతో కట్టారు? పీహెచ్‌పీ 7.2 నుంచి 7.4 వరకు వీసీ15, 8.0 నుంచి 8.3 వరకు వీఎస్16, 8.4 నుంచి వీఎస్17. దీనికి సరిపోయే విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ కంప్యూటర్లో లేకపోతే ‘వీసీరన్‌టైమ్140 డీఎల్‌ఎల్’ అంటూ ఎర్రర్ వస్తుంది. కంగారు పడకండి. తాజా రన్‌టైమ్ వేసుకుంటే 2015 తర్వాతి వాటన్నింటికీ అదే సరిపోతుంది.

నాలుగోది, విండోస్ ఏది? పీహెచ్‌పీ 8.3 నుంచి కనీసం విండోస్ 8 ఉండాలి. విండోస్ 7 కంప్యూటర్లున్న ల్యాబులో 8.3 ఎందుకు నడవట్లేదని తల పట్టుకునే ముందు ఇది చూడండి.

ఈ గొడవంతా వద్దనుకుంటే, కేవలం నేర్చుకోవడానికి అపాచీ కూడా అక్కర్లేదు. 2012లో వచ్చిన పీహెచ్‌పీ 5.4 నుంచి చిన్న సర్వర్ దాని లోపలే ఉంటోంది. ఒక్క కమాండ్‌తో మొదలవుతుంది. బయటి ప్రపంచానికి చూపించే సైటుకు మాత్రం దాన్ని వాడకూడదు.

లినక్స్‌లో లెక్క వేరు

హోస్టింగ్ ఎక్కువగా లినక్స్ మీదే. అక్కడ ఆపరేటింగ్ సిస్టమే ఒక జతను తయారుగా ఇస్తుంది. ఉబుంటు 22.04 లో పీహెచ్‌పీ 8.1, ఉబుంటు 24.04 లో 8.3, డెబియన్ 12 లో 8.2. అన్నింటిలో అపాచీ 2.4 శాఖే.

‘8.1 కు కాలం చెల్లింది అన్నావు, మరి ఉబుంటు 22.04 సంగతేంటి?’ అని మీరు అడగాలి. మంచి ప్రశ్న. ఆ పంపిణీ తన ప్యాకేజీకి భద్రతా సవరణలను తానే చేస్తుంది. దాని సాధారణ మద్దతు 2027 వరకు ఉంది. కాబట్టి ఉబుంటు ఇచ్చిన 8.1 ను క్రమంగా అప్‌డేట్ చేస్తుంటే రేపటికే భయం లేదు. విండోస్‌లో మీరే దించుకున్న 8.1 కు మాత్రం ఆ కాపలా ఎవరూ ఉండరు. పాత సెంటాస్ 7 కథా ఇలాంటిదే. అందులోని పీహెచ్‌పీ 5.4 ను అన్నేళ్లు అలాగే కాపాడుకొచ్చారు. 2024 జూన్ 30తో ఆ కాపలా ఆగిపోయింది. మీ కాలేజీ సర్వర్ గదిలో సెంటాస్ 7 ఇంకా తిరుగుతుంటే, ఇప్పుడే వెళ్లి సార్‌కు చెప్పండి.

ఇంకో మాట. ఈ రోజుల్లో పీహెచ్‌పీని అపాచీ లోపల కూర్చోబెట్టకుండా, ఎఫ్‌పీఎం అనే వేరే ప్రాసెస్‌గా నడపడమే మేలు. అపాచీ 2.4 గానీ, ఇంజిన్‌ఎక్స్ గానీ వచ్చిన అభ్యర్థనను దానికి అందిస్తుంది. ఇంజిన్‌ఎక్స్‌కు అసలు మాడ్యూల్ పద్ధతే లేదు, ఎఫ్‌పీఎం తప్పదు. దీనివల్ల పెద్ద లాభం ఏమిటంటే, ఒకే సర్వర్ మీద ఒక సైటుకు 7.4, ఇంకో సైటుకు 8.3 ఇవ్వొచ్చు. వెబ్ సర్వర్ వర్షన్, పీహెచ్‌పీ వర్షన్ ఒకదానికొకటి ముడిపడి ఉండవు. మీ హోస్టింగ్ ప్యానెల్‌లో ‘పీహెచ్‌పీ వర్షన్ ఎంచుకోండి’ అన్న డబ్బా ఉంటుంది కదా, దాని వెనుక ఉండేది ఇలాంటి ఏర్పాటే.

పేరు మారితే ఉత్తరం చేరదు

2016 అక్టోబరు 11న కరీంనగర్ జిల్లా విడిపోయి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వచ్చాయి. ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ వచ్చాయి. ఆ తర్వాత కొంతకాలం మంచిర్యాల వాళ్లు పాత అలవాటుగా ఆదిలాబాద్ కలెక్టరేట్ పేరున అర్జీ రాస్తే ఏమయ్యేది? తిరస్కరించినట్టూ ఉండదు, పని జరిగినట్టూ ఉండదు.

పీహెచ్‌పీ వర్షన్ మారినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. అపాచీలో ఈ మాడ్యూల్ పేరు ఒకప్పుడు ‘పీహెచ్‌పీ5’, తర్వాత ‘పీహెచ్‌పీ7’, వర్షన్ 8 నుంచి అంకె లేకుండా ఒట్టి ‘పీహెచ్‌పీ’. పాత సైట్ల హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో ‘పీహెచ్‌పీ5 మాడ్యూల్ ఉంటే ఈ సెట్టింగులు పెట్టు’ అని రాసి ఉంటుంది. ఇప్పుడు ఆ పేరుతో ఎవరూ లేరు కాబట్టి అపాచీ ఆ లైన్లను నిశ్శబ్దంగా దాటేస్తుంది. ఎర్రర్ కూడా రాదు. ఆదిలాబాద్ సైటులో అదే అయింది. ఫారం తెరుచుకున్నాక కూడా పిల్లల మార్కుల మెమోలు అప్‌లోడ్ కాలేదు. ఎందుకంటే అప్‌లోడ్ పరిమితిని పెంచిన లైన్ ఆ పాత పేరు కింద ఉంది. పీహెచ్‌పీ తన మామూలు పరిమితి 2 ఎంబీకి వెళ్లిపోయింది. ఫోన్‌తో తీసిన మెమో ఫొటో 2 ఎంబీలో ఎక్కడ పడుతుంది?

సర్వర్ ఎఫ్‌పీఎం మీద ఉంటే ఇంకో చిక్కు. అదే ఫైల్లో పేరు షరతు లేకుండా నేరుగా రాసిన పీహెచ్‌పీ సెట్టింగుంటే అపాచీకి అది అర్థంకాక సైటు మొత్తం 500 ఎర్రర్ ఇస్తుంది. అపాచీ 2.2 నుంచి 2.4 కు మారినప్పుడూ ఇలాంటిదే. ‘ఆర్డర్ అలౌ, డినై’ అని రాసే అనుమతుల స్థానంలో ‘రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్’ వచ్చింది. పాతది అలాగే వదిలేసిన ఎన్నో సైట్లు ‘ఫర్బిడెన్’ అని చూపించాయి.

ఆ నాలుగు రోజులు ఏం చేశాం?

మొదట నేను చేసిన తప్పు చెబుతాను. ప్యానెల్‌లోకి వెళ్లి 8.2 నుంచి 7.4 కు దించాను. మళ్లీ తెల్ల తెరే. హోస్టింగ్ కంపెనీ ఇచ్చే వాటిలో అంతకంటే పాతది లేదు. డేటాబేస్ ఫంక్షన్ 7.0 లోనే పోయిందని గుర్తు రావడానికి సగం రోజు పట్టింది. ముందు ఎర్రర్ లాగ్ తెరిచి ఉంటే మొదటి నిమిషంలోనే తెలిసేది. సర్వర్ ఎర్రర్లను తెర మీద చూపించకుండా ఆపి ఉంచుతారు, అందుకే తెల్లగా కనిపిస్తుంది. లాగ్ ఫైల్లో మాత్రం ఏ ఫైలు, ఏ లైను, ఏ ఫంక్షన్ అన్నీ ఉంటాయి. తెల్ల తెర కనిపిస్తే ముందు లాగ్ చూడండి.

తర్వాత ఫైళ్లు, డేటాబేస్ రెండింటికీ కాపీ తీసుకుని, ఇంట్లో నా ల్యాప్‌టాప్‌లో 8.2 మీద పెట్టి ఒక్కొక్కటీ సరిచేశాను. పాత డేటాబేస్ పిలుపులన్నీ పీడీవోలోకి మార్చాను. కొటేషన్లు లేకుండా రాసిన అర్రే పేర్లు పాత వర్షన్లలో చిన్న హెచ్చరికతో పోయేవి, పీహెచ్‌పీ 8 లో పేజీయే ఆగిపోతుంది. మన స్టూడెంట్ ప్రాజెక్టుల్లో ఇది పేజీకి పది చోట్ల ఉంటుంది. ‘ఈచ్’, ‘క్రియేట్ ఫంక్షన్’ అనేవి 8.0 లో తీసేశారు. సున్నాకూ అక్షరాలున్న మాటకూ రెండు ఈక్వల్ గుర్తులతో పోలిక పెడితే పాత పీహెచ్‌పీ సమానమనేది, 8 నుంచి కాదంటుంది. ఎర్రర్ రాదు కానీ ఫలితం మారిపోతుంది. అసలు ప్రమాదం ఇలాంటి వాటితోనే.

తెలుగులో రాసిన పేర్లు ప్రశ్న గుర్తులుగా మారడం మరో సమస్య. డేటాబేస్ కనెక్షన్‌కు యూటీఎఫ్8ఎంబీ4 అని స్పష్టంగా చెప్పాక సరిపోయింది. మూడో రోజు రాత్రికి ఫారం తెరుచుకుంది. కానీ ఆ మూడు రోజుల్లో బస్సులెక్కి వచ్చినవారి ఖర్చు తిరిగి రాదు. దూరం వల్ల రాలేకపోయినవారు ఎందరో ఎవరూ లెక్క పెట్టలేదు.

భద్రత, చట్టం కూడా ఉన్నాయి

‘పాతదైతే ఏమైంది, నడుస్తోంది కదా’ అనేవారికి 2024 జూన్ గుర్తు చేయాలి. విండోస్ మీద సీజీఐ పద్ధతిలో నడిచే పీహెచ్‌పీలో ఒక తీవ్ర లోపాన్ని తైవాన్‌కు చెందిన డెవ్‌కోర్ సంస్థ పరిశోధకుడు ఆరెంజ్ త్సాయ్ బయటపెట్టారు. 8.1.29, 8.2.20, 8.3.8 వర్షన్లలో దాన్ని సరిచేశారు. చైనీస్, జపనీస్ భాషా సెట్టింగులున్న కంప్యూటర్లలో దాడి సాధ్యమని రుజువైంది. జాంప్ మామూలు సెట్టింగులూ ఆ ముప్పు పరిధిలోవే. కొద్ది రోజుల్లోనే రాన్సమ్‌వేర్ ముఠాలు దీన్ని వాడటం మొదలుపెట్టాయి. అప్పటికే మద్దతు ముగిసిన 8.0, 7, 5 వర్షన్లకు సవరణ రానే లేదు. చాలామంది వేసుకునే జాంప్ 8.2.12 ప్యాకేజీ 2023 నవంబరుది, అంటే ఈ సవరణకు ముందుది. జాంప్‌ను నేర్చుకోవడానికి వాడండి, ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టకండి.

చట్టం వైపూ గాలి మారింది. సైబర్ ఘటన జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలని, లాగ్‌లను 180 రోజులు దాచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత అమల్లోకి వస్తాయి. డేటాకు తగిన భద్రత పెట్టకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల వరకు ఉంది. పిల్లల ఆధార్ నంబర్లు, కులం సర్టిఫికెట్లు, ఫోన్ నంబర్లు దాచుకున్న చిన్న సంస్థ కూడా ‘మాకు తెలియదు’ అని తప్పించుకునే రోజులు పోతున్నాయి.

ఎంపిక ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి?

చాలామంది ముందు సర్వర్ వేసి, దానికి పీహెచ్‌పీ వెతికి, చివరకు సైటు తెచ్చి పెడతారు. వరస తిరగేయండి. ముందు మీ అప్లికేషన్ ఏం అడుగుతోందో చూడండి. లారావెల్ 11, 12 లకు కనీసం పీహెచ్‌పీ 8.2 ఉండాలి. మూడుల్ 5.0 కు కూడా 8.2. వర్డ్‌ప్రెస్ 8.3 లేదా ఆపైది వాడమంటోంది. దాన్నిబట్టి పీహెచ్‌పీ, పీహెచ్‌పీని బట్టి వెబ్ సర్వర్, ఆ రెండూ దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. డేటాబేస్‌ను మరవొద్దు. మైఎస్‌క్యూఎల్ 8 కొత్త పాస్‌వర్డ్ పద్ధతి పాత పీహెచ్‌పీకి అర్థం కాదు.

కొత్త ప్రాజెక్టుకు నా సలహా పీహెచ్‌పీ 8.4, అపాచీ 2.4 లేదా ఇంజిన్‌ఎక్స్, ఎఫ్‌పీఎం. మీరు వాడే లైబ్రరీలు 8.4 కు ఇంకా సిద్ధంగా లేకపోతే 8.3. కొత్తగా వచ్చిన 8.5 ను ఇంట్లో వేసుకుని నేర్చుకోండి. ఇప్పటికే 8.2 మీద ఉంటే ఈ వేసవిలోనే మార్పు మొదలుపెట్టండి, డిసెంబరు దాకా ఆగొద్దు.

ప్రస్తుతం ఏది నడుస్తోందో తెలియాలంటే ‘పీహెచ్‌పీ ఇన్ఫో’ ఫంక్షన్‌తో చిన్న ఫైలు పెట్టి బ్రౌజర్లో తెరవండి. వర్షన్, థ్రెడ్ సేఫ్టీ, ఆర్కిటెక్చర్ అన్నీ కనిపిస్తాయి. ‘అపాచీ 2.0 హ్యాండ్లర్’ అని ఉంటే మీ అపాచీ 2.0 అనుకోకండి, 2.4 లోనూ ఆ మాడ్యూల్ పేరు అదే. కమాండ్ లైన్‌లో కనిపించే వర్షన్, వెబ్‌లో నడిచే వర్షన్ వేరు కావచ్చు. చూశాక ఆ ఫైలును తప్పకుండా తీసేయండి. మీ సర్వర్ లోపలి వివరాలన్నీ ఊరందరికీ చూపిస్తుందది.

ఇదే మీ ప్రాజెక్టు కావచ్చు

కరీంనగర్ ఐటీ టవర్ తెరుచుకుని ఈ జులైకి ఆరేళ్లు. అయినా మనలో చాలామంది చూపు హైదరాబాద్ అమీర్‌పేట వైపే. అక్కడికి వెళ్లి ‘స్టూడెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ కొనుక్కొచ్చే బదులు, మీ ఊళ్లోనే పాత పీహెచ్‌పీ మీద నడిచే ఒక స్కూలు సైటును వాళ్ల అనుమతితో తీసుకోండి. దాన్ని 8.4 కు మార్చండి. ముందు ఏ వర్షన్, ఎన్ని ఎర్రర్లు, ఏవి ఎలా సరిచేశారు, ఎంత సమయం పట్టింది.. రోజువారీగా రాసుకోండి. గిట్‌లో పెట్టండి. పాస్‌వర్డ్‌లు, విద్యార్థుల డేటా మాత్రం అందులో పెట్టొద్దు. కంపెనీల్లో మొదటి ఏడాది చేతికొచ్చే పనుల్లో ఎవరో రాసిన పాత కోడ్‌ను బాగుచేయడమూ ఒకటి. మీరు అది ముందే చేసి చూపించినట్టవుతుంది.

పని అయ్యాక ఒక పేజీ రాసిచ్చి రండి. పీహెచ్‌పీ వర్షన్, దాని ఆఖరు తేదీ, వెబ్ సర్వర్ వర్షన్, డేటాబేస్, డొమైన్, హోస్టింగ్ గడువులు, హోస్టింగ్ కంపెనీ మెయిల్ ఎవరికి వెళ్తుంది.. ఇవన్నీ ఒకే కాగితం మీద. ఆ మెయిల్ చిరునామా విద్యార్థిది కాకుండా సంస్థది అయి ఉండాలి. ఆదిలాబాద్‌లో మేం చివరగా చేసిన పని అదే. ఆ కాగితం ఇప్పుడు ఆఫీసు గోడ మీద, క్యాలెండర్ పక్కనే అంటించి ఉంది. ‘డిసెంబరు 31, 2026’ అన్న చోట ఆ తమ్ముడు ఎర్ర పెన్నుతో గీత పెట్టుకున్నాడు. మొన్న ఫోన్ చేసి, ‘అన్నా, ఈసారి ఎండాకాలంలనే మారుద్దామా? దరఖాస్తుల ముంగట పెట్టుకోవద్దు’ అన్నాడు.

మీ కాలేజీ ఆఫీసు గోడ మీద ఆ కాగితం ఉందా? లేకపోతే రేపే అడగండి.